కీమ్యాన్ నోటుబుక్కు

అల్లిపురంలో టైర్ల షాపు పైన
మంగళవారం సాయంత్రాల క్లాసు.
నలుగురం. ఇద్దరు పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళు,
ఒకాయన రిటైరైన కంపౌండరు,
నేను రైల్వే కీమ్యాన్‌ని,
ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు పోనివాణ్ణి.

హీబ్రూ కుడి నుంచి ఎడమకి పోతుందన్నారు కెజియా టీచరు.
కుర్రాళ్ళు తడబడ్డారు. నాకు తేలికే.
తెలుగు అప్‌లైను, ఇది డౌన్‌లైను.
పొద్దున్న పోయిన పట్టాల మీదే
మధ్యాహ్నం వెనక్కొచ్చేవాడికి
అక్షరాలు ఎటు నడిస్తే ఏంటి?

ఆ వారం బోర్డు మీద మూడే అక్షరాలు.
దాలెత్. రేష్. ఖాఫ్.
దెరెఖ్.
దారి అని రాసుకోండన్నారు. రాసుకున్నాం.
దాన్ని కొట్టెయ్యకుండా పక్కనే ఇంకోటి: బతికే తీరు.
మనిషి నడిచేదీ, మనిషి నడుచుకునేదీ
వాళ్ళకి ఒకటే మాటట.

మనకీ ఉంది కదండీ, అన్నాను.
నడక. నడత.
టీచరు చాక్‌పీసు ఆపి నా వైపు తిరిగారు.
"సీలాసు గారూ, మీరు రోజుకి ఎంత నడుస్తారు?"

ఆ మాట వేరు తవ్వితే అడుగున తొక్కడం ఉందట.
తొట్టిలో ద్రాక్షలు తొక్కినా అదే క్రియ,
పాదంతో అదిమిపట్టి విల్లు వంచినా అదే.
అంటే ముందు పాదం. దారి తర్వాత.
నాకు మా అమ్మ కాళ్ళు గుర్తొచ్చాయి.
ఊళ్ళో వాళ్ళ గోడలకి మట్టి తొక్కీ తొక్కీ
మడమల పగుళ్ళలో ఎర్రమన్ను ఉండిపోయిన కాళ్ళు.
రోజంతా అదే గుంటలో, ఎక్కడికీ పోకుండా.
ఇల్లు నడిచింది.

మర్రిపాలెం నుంచి సింహాచలం స్టేషను దాకా నా బీటు.
భుజాన సుత్తి, సంచిలో ఎర్రజెండా.
వదులైన క్లిప్పు కనిపిస్తే ఒక దెబ్బ.
ఈ దారి ఎవరో గీసి నాకిచ్చింది.
దీన్ని అడ్డంగా కోస్తూ ఇంకొకటి ఉండేది,
కంకర నలిగి తెల్లబడిన కాలిబాట,
చేపల గంపలవాళ్ళది.
జూన్‌లో రిపోర్టు రాసింది నేనే.
జులైలో కంచె వేశారు.

నూకరత్నం గంప దించకుండానే అడిగింది:
"తోవ మూసీసినారేటి బాబూ?
మాయత్త కాలం కాణ్ణుంచీ ఇదే కదేటి."
కిందటేడు ఇక్కడే కంకరలో దొరికిన
పిల్లాడి చెప్పు గురించి నేను ఎత్తలేదు.
వంతెన ఉంది కదమ్మా, అన్నాను.
నెత్తిన గంపెడు కానాగంతలతో
మెట్ల వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

కంచె అయిపోయిన చోటికి ఇరవై అడుగుల అవతల
వారానికల్లా గడ్డి ఒక పక్కకి వాలింది.
పది రోజులకి తలెత్తడం మానేసింది.
నెలకి మన్ను బయటపడింది.
సుత్తి ఆనించుకుని నిలబడి చూశాను:
మడమలు, వేళ్ళు, మళ్ళీ మడమలు,
గంపలోంచి ఉప్పునీళ్ళు కారిన చుక్కలు,
కుడి నుంచి ఎడమకి ఎవరిదో చేతిరాత.

రిజిస్టర్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.
రాస్తే కంచె పొడుగవుతుంది.
రాయకపోతే, ఆ చెప్పు.

మంగళవారం టీచరు అందరి చేతా సొంత వాక్యం రాయించారు.
కుర్రాళ్ళు మంచివాడి దారీ చెడ్డవాడి దారీ రాశారు.
కంపౌండరు గారు కొట్టేసి కొట్టేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.
నాకు హీబ్రూ అంత రాదు, తెలుగులోనే రాశాను:

ఆరున్నర ప్యాసింజరు వచ్చే వేళకి
నేను అక్కడికి చేరుకుంటాను.
జెండా తియ్యను. చెయ్యి అడ్డం పెడతాను.
గంపలు ఆగుతాయి. బండి పోతుంది.
చెయ్యి దించుతాను.

"ఇందులో ఆ మాట ఎక్కడుందండీ?" అన్నారు టీచరు.
మళ్ళీ మొదట్నుంచీ చదువుకున్నాను.
నిజమే, ఎక్కడా లేదు.